కిక్రి రాని సారు దగ్గర కిక్రి నేర్చుకున్నాను

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సమావేశంలో ఒక గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు నన్ను మన సంస్కృతిని కాపాడుకోవడం గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయం మీద మాట్లాడే పెద్దలు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను హాస్టల్ వార్డెన్‌ని. పొద్దున బియ్యం తూకం, సాయంత్రం హాజరు, రాత్రి ఎవరికి జ్వరమో చూసుకోవడం నా పని. అందుకని నాకు జరిగిన ఒక్క విషయమే చెబుతాను. నేను కిక్రి సగం నేర్చుకున్నాను. ఆ సగం ఎట్లా వచ్చింది, మిగతా సగం ఎందుకు రాలేదు, ఈ రెండూ మీకు పనికొస్తాయని నా నమ్మకం.

మాది ఉట్నూరు కొండల్లో ఒక ప్రధాన్ కుటుంబం. ప్రధాన్లు, తోటివాళ్లు రాజ్‌గోండులకు తరతరాలుగా కథ చెప్పేవాళ్లని మీకు తెలుసు. మా తాతకు చుట్టుపక్కల ఊళ్లలో కొన్ని గోండు ఇళ్లు ఉండేవి. పంట ఇంటికొచ్చాక ఆయన కిక్రి పట్టుకుని ఆ ఇళ్లకు వెళ్లేవాడు. వాళ్ల గోత్రం కథ, పహండి కుపార్ లింగల్ కథ, జంగుబాయి కథ రాత్రంతా పాడేవాడు. వాళ్లు జొన్నలో, బట్టో ఇచ్చేవాళ్లు. పెళ్లయినా, చావైనా, పెర్సాపేన్ పూజ అయినా కిక్రి లేకుండా జరిగేది కాదు.

ఈ తరం పిల్లలు కొందరు కిక్రిని చూసి కూడా ఉండరు. మా ఇంటి కిక్రి గురించి చెబుతాను. కింద చెక్కను తొలిచి మేక తోలు బిగించిన బుర్ర, పైన పొడుగు కర్ర, మూడు తీగలు. ఆ తీగలు గుర్రపు వెంట్రుకలు. వాయించే కమానుకు కూడా గుర్రపు వెంట్రుకలే. కిన్నెరకు మెట్లు ఉంటాయి. మొగులయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెరను మీరంతా టీవీలో చూశారు. కిక్రికి మెట్లు లేవు. వేలు ఎక్కడ ఆనించాలో చెవే చెప్పాలి.

నేను ఏడో తరగతిలో ఉండగా తాత పోయాడు. అప్పటికే నేను ఆశ్రమ పాఠశాలలో ఉన్నాను. ఊరికి వెళ్లేది దసరా సెలవులకు, సంక్రాంతి సెలవులకు, ఎండాకాలం. దండారి రోజులకు ఒక్కోసారి సెలవు దొరికేది, ఒక్కోసారి దొరికేది కాదు. కథలు రాత్రిపూట నడిచే కాలంలో నేను హాస్టల్‌లో ఎక్కాలు చదువుతున్నాను. ఇందులో ఎవరినీ తప్పు పట్టడం లేదు. ఆ ఎక్కాలే ఈ రోజు నాకు అన్నం పెడుతున్నాయి. కానీ నష్టం కూడా జరిగింది, అది చెప్పాలి. తాత తర్వాత కిక్రి మా కాకా చేతికి వచ్చింది. మా ఇంట్లో కిక్రి ఎప్పుడూ మగవాళ్ల చేతుల్లోనే చూశాను. ఆడపిల్లవి నీకు వద్దు అని ఎవరూ అనలేదు. నేర్చుకో అని కూడా ఎవరూ అనలేదు.

తర్వాత టీచర్ ట్రైనింగ్‌లో సీటు వచ్చింది. 2001 నాటి మాట. మీకొక పాత సంగతి గుర్తుచేయాలి. 1943లో హైమన్‌డార్ఫ్ దొర మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టించారు. అక్కడ తయారైన పంతుళ్లు పిల్లలకు గోండిలోనే మొదటి పాఠం చెప్పారు. దాదాపు అరవై ఏళ్ల తర్వాత నేను తీసుకున్న శిక్షణలో గోండి మాట ఒక్కటి లేదు. అయినా అక్కడ ఒక సంగీతం సారు ఉండేవారు. మైదాన ప్రాంతం మనిషి. హార్మోనియం వాయించేవారు, ప్రార్థన గీతాలు, పిల్లల పాటలు నేర్పేవారు. అంతకుమించి ఆయనకు ఏ వాయిద్యమూ రాదు.

ఒకరోజు క్లాసులో, మీ ఇళ్లల్లో ఏమైనా వాయిద్యాలు ఉన్నాయా అని అడిగారు. నేను సిగ్గుపడుతూ కిక్రి పేరు చెప్పాను. తీసుకురమ్మన్నారు. సెలవులకు వెళ్లి కాకాని అడిగి తెచ్చాను. అప్పటికి దానికి ఒక్క తీగే మిగిలింది. కాకా పని కోసం పత్తి చేలకు పోతున్నాడు, కిక్రి గోడకు వేలాడుతోంది.

సారు దాన్ని చూడగానే చేతిలోకి తీసుకోలేదు. "దీన్ని ముట్టుకునే ముందు మీ ఇంట్ల ఏం జేస్తరు?" అని అడిగారు. దీపం పెట్టి మొక్కుతాం అన్నాను. అట్లాగే చేయించారు. తర్వాత, "బిడ్డా, నాకు ఇది రాదు. నేనెప్పుడు చూడలే. నాకు తెల్సింది చెప్తా, తెల్వనిది తెల్వదంట. సరేనా?" అన్నారు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, నా చదువు మొత్తంలో ఒక టీచరు నాకు తెలియదు అనడం అదే మొదటిసారి విన్నాను. ఆ మాట వల్లే నాకు ధైర్యం వచ్చింది.

ఆయన నాకు ఏం నేర్పారో చెబుతాను. మొదటి నెల రోజులు పాట లేదు. ఒక్క తీగ మీద కమాను ఈ కొస నుంచి ఆ కొసకు వణకకుండా లాగడం, అంతే. శబ్దం కీచుమంటే ఆపి, ఎందుకు కీచుమందో చెప్పమనేవారు. కమాను ఎక్కువ నొక్కావా, తక్కువ నొక్కావా, అడ్డంగా పోయిందా అని అడిగేవారు. జవాబు ఆయనకూ తెలియదు. ఇద్దరం వెతికేవాళ్లం. కొన్నాళ్లకు కమాను వెంట్రుకలు నున్నగా జారిపోతున్నాయని తెలిసింది. గుగ్గిలం రుద్దితే పట్టు వచ్చింది. కాకా ఎప్పుడూ జేబులో ఒక బంక ముక్క ఎందుకు పెట్టుకునేవాడో నాకు అప్పుడు అర్థమైంది.

రెండోది, ముందు గొంతుతో పాడు, తర్వాత తీగ మీద వెతుకు అన్నారు. హార్మోనియం మీద స్వరం పట్టి నన్ను కలపమనేవారు. కలిశాక, "నీ సా ఈ పెట్టెల లేదు, నీ గొంతుల ఉంది. నీ గొంతుకు ఎక్కడ హాయిగా ఉంటే తీగ అక్కడికి బిగించు" అన్నారు. మూడోది, కాలితో లెక్క. చేయి తప్పినా కాలు ఆగొద్దు అనేవారు. నాలుగోది, రోజూ పది నిమిషాలు. ఆదివారం మూడు గంటలు కూర్చుంటానంటే ఒప్పుకునేవారు కాదు. ఐదోది, ఒక నోటుబుక్. ఈ రోజు ఏం చేశాను, ఎక్కడ ఆగాను అని రెండు వాక్యాలు రాయాలి. ఈ ఐదింటిలో ఏదీ కిక్రికి మాత్రమే సంబంధించింది కాదు. ఏ వాయిద్యానికైనా ఇవి కావాలి. అందుకే కిక్రి రాని మనిషి వాటిని నేర్పగలిగారు.

తప్పు కూడా జరిగింది. గుర్రపు వెంట్రుకలు మాకు దొరకలేదు. సారు పట్నం నుంచి వయొలిన్ తీగలు తెచ్చారు. అవి ఇనుప తీగలు. బిగిస్తే శబ్దం గట్టిగా వచ్చింది, మేం సంతోషపడ్డాం. మూడో రోజు తీగల కింద నిలబెట్టే చిన్న చెక్క దగ్గర తోలు చిరిగింది. తాత బిగించిన తోలు అది. నేను ఏడ్చాను. సారు ముఖం తెల్లబోయింది. "తప్పు నాది. తోలు ఎంత బరువు మోస్తదో తెల్వకుండ బిగించిన. మీ కాకా దగ్గరికి నేనొస్త" అన్నారు.

నిజంగానే వచ్చారు. బస్సు దిగి నాలుగు కిలోమీటర్లు నడిచి మా ఊరికి వచ్చారు. కాకా చిరిగిన కిక్రిని చూసి ఏమీ అనలేదు. దాన్ని పక్కన పెట్టి ముందు సారుకు నీళ్లు ఇచ్చాడు. కొత్త తోలు బిగించడానికి, అది ఆరడానికి చాలా రోజులు పట్టింది. వానాకాలం గాలికి తోలు వదులవుతుందని, పొయ్యి దగ్గర కాస్త వెచ్చబెడితే మళ్లీ బిగుస్తుందని కాకా చెప్పాడు. హార్మోనియానికి ఈ బాధ లేదు, అందుకే సారుకు ఇది తెలియదు.

తోలు ఆరాక నేను కాకా ముందు వాయించాను. సరిగమలు తప్పు లేకుండా వచ్చాయి. ఒక ప్రార్థన గీతం కూడా వచ్చింది. కాకా విని గోండిలో అన్నాడు, "శుభ్రంగా ఉంది బిడ్డా. కానీ పాడే మనిషి ఎక్కడ?" నాకు అర్థం కాలేదు. అప్పుడు తనే తీసుకుని వాయించాడు. ఒక వాక్యం పాడాడు, ఆగాడు. ఆ వాక్యం చివరి ముక్కను కిక్రి అందుకుంది. మళ్లీ పాడాడు. ఈసారి కిక్రి సన్నగా కింద ఉండిపోయింది. ఒక్కోచోట ఒక తీగ మీద వేలు నడుస్తుంటే పక్క తీగ ఊరికే మోగుతూ ఉంది. నేను కిక్రిని పాట వాయించే వస్తువు అనుకున్నాను. కాకా చేతిలో అది కథ చెప్పేవాడికి తోడు మనిషి. ఊ కొడుతుంది, అందుకుంటుంది, ఊపిరి తీసుకోవడానికి అతనికి సమయం ఇస్తుంది. ఇది సారు నేర్పలేరు. కథ తెలిసినవాడే నేర్పాలి.

కానీ ఆ రోజు నేను ఇంకో విషయం చూశాను. సారు నేల మీద కూర్చుని నోటుబుక్ తీసి కాకాని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. నేను మధ్యలో గోండి, తెలుగు చేశాను. అక్కడ ఎందుకు ఆపినవ్? ఈ కమాను పొడుగ్గా, ఆ కమాను పొట్టిగా ఎందుకు? ఎట్ల నేర్చినవ్? చిన్నప్పటి నుంచి విన్న కథ కాబట్టి నాకు ఈ ప్రశ్నలు ఎప్పుడూ తట్టలేదు. అడిగితే బాగుండదేమో అని కూడా అనుకునేదాన్ని. కాకా మొదట నవ్వాడు, తర్వాత ఆలోచించాడు. "అక్కడ పేన్ పేరు వస్తుంది. పేరు వచ్చినప్పుడు తీగ ముందు నడవకూడదు" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో నాకు ఎవరూ చెప్పలేదు. బయటి మనిషి అడిగితే బయటికి వచ్చింది. తెలియనివాడు నిజాయితీగా అడిగితే, తెలిసినవాడికి కూడా తనకు ఏం తెలుసో తెలుస్తుంది.

సారు టేప్‌రికార్డర్ తెచ్చారు. కాకా ఒప్పుకుని కథ మొదలుపెట్టాడు. క్యాసెట్ రెండు వైపులా అయిపోయేసరికి కథ ఇంకా మొదట్లోనే ఉంది. "మిగిలింది తర్వాత చెప్తా. ఒక పంటకాలం నా దగ్గర ఉండు, మొత్తం వస్తుంది" అన్నాడు కాకా నాతో.

ఆ పంటకాలం ఎప్పుడూ రాలేదు. నాకు ఉద్యోగం వచ్చింది. పెళ్లి, పిల్లలు, బదిలీలు. ప్రతి ఎండాకాలం, వచ్చే ఎండాకాలం వస్తాను కాకా అనేదాన్ని. ఆయన సరే అనేవాడు. ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు. ఒక వానాకాలంలో ఆయన పోయాడని హాస్టల్‌కు ఫోన్ వచ్చింది. నేను వెళ్లాను. ఆయన దినాలకు కిక్రి వాయించడానికి పక్క ఊరి నుంచి ఒక ముసలాయనను పిలిచారు. మా ఇంటి కిక్రి మా గోడకే వేలాడుతోంది. అది వాయించడం వచ్చినదాన్ని నేను ఒక్కదాన్నే ఆ ఇంట్లో ఉన్నాను. కానీ ఆ వేళకు పాడాల్సిన కథ నాకు రాదు. ఆ రోజు నేను తల ఎత్తలేకపోయాను.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది ఒక క్యాసెట్, ఒక నోటుబుక్, చేతిలో కొంచెం కమాను. అంతే.

కొన్నేళ్ల క్రితం మా హాస్టల్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు ముగ్గురు నా దగ్గరికి వచ్చారు. ఇద్దరు కిక్రి నేర్పమన్నారు. మూడో పిల్ల పేప్రే నేర్పమంది. దండారిలో డోలు, గుమేల పక్కన సన్నాయిలా మోగుతుంది చూడండి, అది. నాకు పేప్రే ఊదడం రాదు. ఊదే దగ్గర ఉండే నాలుకను ఎట్లా కడతారో కూడా తెలియదు. వద్దు అందామనుకున్నాను. అప్పుడు సారు గుర్తొచ్చారు. "బిడ్డా, నాకు ఇది రాదు. తెలిసింది చెప్తాను" అన్నాను.

ఊపిరి లెక్కపెట్టించాను, కాలితో తాళం వేయించాను, నోటుబుక్ రాయించాను, రోజూ పది నిమిషాలు కూర్చోబెట్టాను. మిగతాదానికి దగ్గరి ఊరి నుంచి ఒక పెద్దాయనను ఆదివారాలు పిలిచాను. పై అధికారి అనుమతి తీసుకున్నాను, రిజిస్టర్‌లో ఆయన వచ్చిన సమయం, వెళ్లిన సమయం రాయించాను. బస్సు చార్జీ నేనే ఇచ్చాను. ఆయన మొదటి రోజే మా లెక్క పక్కన పెట్టించాడు. "లెక్క కాదు, ఆడేవాళ్ల కాలు చూసి ఊదు" అన్నాడు. ఆ పిల్ల కాలు చూడటం నేర్చుకుంది. అయితే ఆమె దగ్గర అప్పటికే ఊపిరి ఉంది కాబట్టి ఆయన పని సులువైంది. ఆ మాట ఆయనే అన్నాడు. పిల్లలు పక్కన లేనప్పుడు నేను కూడా ఆయన ముందు కూర్చుని, నాకు రాని కథ అడుగుతున్నాను. ఆయనకు తెలిసింది వేరే గోత్రం కథ. అయినా వింటున్నాను.

ఒక పిల్ల తండ్రి వచ్చి, "మేడం, ఇది నేర్చుకుంటే ఉద్యోగం వస్తదా?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. రాదు అని చెప్పాను. చదువు తగ్గితే ఆపేస్తానని మాట ఇచ్చాను. మీ అమ్మ పోయినప్పుడు కిక్రి వాయించడానికి ఎవరిని పిలిచారు అని అడిగాను. ఆయన కాసేపు ఊరుకుని, సరే నేర్పండి అని వెళ్లిపోయాడు.

మార్లవాయి కనకరాజు గారికి గుస్సాడీకి 2021లో పద్మశ్రీ వచ్చింది. కోయ డోలి కథకుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది. మనమంతా చప్పట్లు కొట్టాం, ఫొటోలు పంపుకున్నాం. 2024లో ఇద్దరూ వెళ్లిపోయారు. నార్నూరు మండలం గుంజాలలో మన లిపి రాతప్రతులు దొరికాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది, మీ ఫోన్లలో రాసుకోవచ్చు. చాలా సంతోషం. కాగితం మీద ఉన్నది కొన్ని తరాలు ఆగగలదు. కమాను చేతిలో ఉన్నది ఒక మనిషి ఉన్నంత కాలమే ఆగుతుంది.

అందుకని మీకు కొన్ని మాటలు చెప్పి ముగిస్తాను.

సరైన గురువు దొరికాక మొదలుపెడదాం అని ఆగకండి. మీ బడిలో హార్మోనియం సారు ఉంటే ఆయన దగ్గరికి వెళ్లండి. బ్యాండు వాయించే అన్న ఉంటే అతని దగ్గరికి వెళ్లండి. వినడం, తాళం, రోజూ కూర్చోవడం ఎవరైనా నేర్పగలరు. తనకు తెలియదని ఒప్పుకునే మనిషిని ఎంచుకోండి. అన్నీ తెలుసనేవాడు మీ కిక్రిని వయొలిన్‌లా మార్చేస్తాడు.

కానీ అక్కడే ఆగిపోకండి. కథ పెద్దవాళ్ల దగ్గరే ఉంది. రెండు చోట్లకూ పోవాలి. మీకు ఇంకా బాగా రావాలి, అప్పుడు పెద్దాయన దగ్గరికి వెళ్తాను అనుకోవద్దు. నేను అట్లా అనుకునే పోగొట్టుకున్నాను.

వాయిద్యానికి మరమ్మతు చేసే ముందు, తీగ మార్చే ముందు, దాన్ని చేసే చేతిని అడగండి. ఫోన్లో రికార్డు చేసే ముందు అనుమతి అడగండి. రికార్డు చేశాక పాడినవారి పేరు, ఊరు, తేదీ మీ గొంతుతోనే చివర చెప్పండి, లేకపోతే పదేళ్లకు అది ఎవరి పాటో తెలియదు. పేన్ ముందు మాత్రమే పాడేవి ఉంటాయి. వాటిని అందరికీ పంపవచ్చా లేదా అన్నది పాడినవారే చెప్పాలి.

ఇక ఆడపిల్లలకు ఒక మాట. మీకు ఎవరూ చేతికి ఇవ్వకపోతే, అడిగి తీసుకోండి. నేను అడిగాను, మా కాకా ఇచ్చాడు. అడగడానికే నాకు ఇరవై ఏళ్లు పట్టింది.

ఈ రోజు మా ఇంటి కిక్రిని తెచ్చాను. మా హాస్టల్ పిల్లలు ఇద్దరు వచ్చారు. లింగల్ కథలో మా కాకా క్యాసెట్‌లో ఉన్నంత ముక్క మేం ముగ్గురం వాయిస్తాం. అది ఒకచోట ఠక్కున ఆగిపోతుంది. అక్కడ క్యాసెట్ అయిపోయింది. ఆ తర్వాతి ముక్క ఈ సభలో ఏ పెద్దవారికైనా తెలిస్తే, కార్యక్రమం అయ్యాక దయచేసి వెళ్లిపోకండి. మేం అక్కడే మెట్ల దగ్గర కూర్చుని ఉంటాం.

రాం రాం. జై సేవా.